గోడ వైపు తిరిగిన మొక్క

"చిలకా, బల్ల అద్దం మీద మళ్లీ వేలిముద్రలు పడ్డాయి. కాస్త తుడిచి పెట్టవే," అంది అమ్మ.

బడి నుంచి వచ్చిన చిలక బ్యాగు ఇంకా దింపనే లేదు. అమ్మది కళ్లజోళ్ల దుకాణం. ముందు గదిలో గాజు బల్లలు, గోడ నిండా ఫ్రేములు. వెనక గదిలో లెన్సులు అరగదీసే మిషను, పక్కనే టీ పెట్టుకునే చిన్న స్టవ్వు. చిలకకు అసలు పేరు వేరే ఉంది. నోరు మూతపడదని తాతయ్య పెట్టిన పేరే చివరికి నిలిచిపోయింది.

అద్దాలు తుడవడం చిలకకు మహా ఇష్టం. నీలం సీసాతో స్ప్రే కొట్టి మెత్తటి గుడ్డతో రుద్దితే బల్ల తళతళలాడుతుంది. ఆ పని తనలా ఎవరూ చేయలేరని చిలక నమ్మకం. నిజంగానే బాగా చేస్తుంది. ఎక్కడ ఆపాలో తెలియదు, అంతే.

బల్లలన్నీ అయ్యాక చూపు మూలనున్న పామ్ మొక్క మీద పడింది. మట్టల నిండా దుమ్ము.

అది అమ్మమ్మ పెట్టిన మొక్క. అమ్మమ్మ ఇప్పుడు లేదు. మొక్కను చూసుకునేది తాతయ్య. ఒకప్పుడు ఆ దుకాణం కూడా తాతయ్యదే. ఎందరి కళ్లకో జోళ్లు చేసి ఇచ్చిన మనిషికి ఇప్పుడు ఏ జోడు పెట్టినా మసకే. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతకు మించి కనపడదు. దుకాణం పనులు ఒక్కొక్కటే వదిలేశాడు. మిగిలింది ఈ మొక్క. పొద్దున్నే మట్టిలో వేలు గుచ్చి, తడి లేకపోతేనే మగ్గుతో నీళ్లు పోస్తాడు. మట్టలు తడుముతాడు. చివరగా మొవ్వను పట్టుకుని చూస్తాడు. మొవ్వంటే మొక్క నడుమ నుంచి సూదిలా వచ్చే కొత్త ఆకు.

అద్దాన్ని మెరిపించేది ఆకును మెరిపించదా అనుకుంది చిలక. గది వైపున్న మట్టల మీద నీలం స్ప్రే కొడుతూనే ఉంది. ఆకుల మీద నుంచి అది మట్టిలోకి కారింది. కిటికీ ఎండలో ఆకులు నిగనిగలాడాయి.

"తాతయ్యా, నీ మొక్క ఎంత మెరుస్తోందో తెలుసా?"

"నువ్వు చెప్పావుగా. ఇక నాకు కనపడినట్టే," అన్నాడు తాతయ్య.

నాలుగైదు రోజులకు ఆకుల కొసలు గోధుమ రంగుకు తిరిగాయి. తర్వాత మచ్చలు వచ్చాయి. స్ప్రే కొట్టిన వైపే ఎండుతోంది, గోడ వైపున్న మట్టలు పచ్చగానే ఉన్నాయి. అది తన పనేనని చిలకకు అర్థమైంది. ఎవరూ లేనప్పుడు కుండీని మెల్లగా తిప్పేసింది. కాలిన వైపు గోడకు, పచ్చని వైపు గదికి.

"ఎలా ఉందే మొక్క?" అని తాతయ్య అడిగితే, "బాగుంది తాతయ్యా," అంది.

మర్నాడు తాతయ్య చెయ్యి అలవాటుగా మొక్క చుట్టూ తిరిగి వెనక వైపుకు వెళ్లింది. ఎండిన ఆకు వేళ్ల మధ్య పొడిపొడి అయింది.

"అమ్మాయీ, నీళ్లనుకుని ఇంకేదైనా పోశానేమో," అన్నాడు అమ్మతో.

"నువ్వెందుకు పోస్తావు నాన్నా?"

"ఏమో. చిలకేమో బాగుందంది. నా చేతికి ఎండినట్టు తగిలింది. చేతులకు కూడా మసక వచ్చిందో ఏమిటో. రేపటి నుంచి నీళ్లు నువ్వే పొయ్యి. టీ కూడా నువ్వే పెట్టి ఇవ్వు. స్టవ్వు దగ్గర ఇంకేం చేస్తానో."

మగ్గు బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాడు.

చిలక తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. అన్నం దగ్గర కూడా నోరు విప్పలేదు.

"ఏమే, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు? ఒంట్లో బాగాలేదా?" అంది అమ్మ.

చిలక తల అడ్డంగా ఊపింది. మర్నాడు దుకాణం తెరిచాక తాతయ్య లేవలేదు. మొక్క దగ్గరకు వెళ్లనే లేదు. అది చూసి చిలక ఇక ఉండలేకపోయింది. ఆయన కుర్చీ పక్కకు వచ్చి నిలబడింది.

"తాతయ్యా, నీ చేతులు సరిగ్గానే చెప్పాయి. నేనే అబద్ధం చెప్పాను."

జరిగిందంతా చెప్పింది. కుండీ తిప్పిన సంగతి కూడా దాచలేదు.

"మొక్క సంగతి అలా ఉంచు," అన్నాడు తాతయ్య. "నా చేతులు నన్ను మోసం చేశాయని రాత్రంతా అనుకున్నాను. భయమేసిందే నాకు."

తాతయ్య భయపడతాడని చిలకకు ఎప్పుడూ తట్టలేదు. ఏడుపు ఆగలేదు.

"ఏడుపు తర్వాత. మట్టిలోకి కూడా కారిందన్నావు కదా? ముందు కుండీని బాత్రూంలోకి లాగండి."

అమ్మా చిలకా కలిసి లాగారు. తాతయ్య చెబుతుంటే చిలక మంచినీళ్లలో తడిపిన గుడ్డతో ఒక్కో ఆకునూ పైనా కిందా తుడిచింది. మట్టిలోకి మెల్లగా నీళ్లు పోసింది. కుండీ అడుగు చిల్లు నుంచి నీళ్లన్నీ కారిపోయేదాకా ఆగి, మళ్లీ పోసింది.

"కొంచెం ఎరువు వేద్దామా తాతయ్యా?"

"జ్వరంతో ఉన్నవాడికి విందు పెడతామా? ఇప్పుడేం వద్దు. నీళ్లు బాగా కారిపోనివ్వు, చాలు."

"మచ్చలున్న ఆకులు కత్తిరించనా?"

"పూర్తిగా ఎండినవి తీసెయ్. పచ్చ మిగిలినవి ఉంచు, వాటితోనే అది తిండి తయారుచేసుకుంటుంది. కాలిన చోటు మళ్లీ పచ్చబడదు. కానీ మొవ్వ బతికితే మొక్క బతుకుతుంది."

"మొవ్వ పోతే?"

"పోతే ఇంక లేదు," అన్నాడు తాతయ్య.

కుండీని నేరుగా ఎండ తగలని చోట పెట్టారు. కాలిన వైపును చిలకే గది వైపు తిప్పింది. అద్దాలు తుడిచే ముందు మొక్కను వెనక గదిలోకి జరపడం మొదలుపెట్టింది. స్ప్రే గాల్లోకి కొట్టకుండా గుడ్డ మీదే కొడుతోంది.

జోడు కోసం వచ్చిన ఒకావిడ, "అయ్యో, మొక్కకేమైంది?" అని అడిగింది.

అమ్మ ఏదో చెప్పబోయింది. "నేనే పాడుచేశానండి. బాగు చేస్తున్నాం," అంది చిలక.

రోజులు గడిచాయి. చేతుల మీద నమ్మకం తిరిగి రాలేదేమో, తాతయ్య మాత్రం ఇంకా కుర్చీ వదలలేదు. ఒకరోజు చిలక మగ్గు తెచ్చి ఆయన చేతికిచ్చి, మొక్క దగ్గరకు నడిపించింది.

"ఎలా ఉందే?" అన్నాడు ఆయన.

చిలక వంగి నిదానంగా చూసింది. "ఈ వైపు మట్టలు రెండు పోయాయి. మిగిలినవాటి మీద మచ్చలు అలాగే ఉన్నాయి. మొవ్వ కొస కూడా కాస్త కాలింది. కింద మాత్రం పచ్చగా ఉంది. పెరిగినట్టే ఉంది కానీ, నాకు గట్టిగా తెలియదు తాతయ్యా. నువ్వు పట్టుకుని చూడు."

తాతయ్య వేళ్లు మొవ్వ వెంట పైనుంచి కింది దాకా మెల్లగా దిగాయి.

"పెరిగింది," అన్నాడు.

మట్టిలో వేలు గుచ్చి చూశాడు. "ఇవాళ నీళ్లక్కర్లేదు," అని మగ్గు కింద పెట్టాడు. తర్వాత గోడ పట్టుకుని వెనక గదిలోకి వెళ్లి, తన టీ తనే పెట్టుకున్నాడు.