తేరు వీథి కింద ఏరు

పిళ్ళైచావడి సముద్రపు ఒడ్డున తూటా తగిలి పడిపోయినవాడి చేతిలో ఉన్నది పిస్టల్ కాదు, రాళ్ళు కొట్టి చూసే సుత్తి. పేరు రఘునాథన్. భూగర్భ శాస్త్రవేత్త. వీరాంపట్టినం అనే తీరపు ఊరి నేల పొరల మ్యాపు గీయడం పూర్తయిన సాయంత్రమే అతన్ని చంపారు. మ్యాపు మాయమైంది. ఆఫీసు కంప్యూటర్‌లోని కాపీని కూడా ఎవరో చెరిపేశారు.

"కేసు ఇంకొకరికి ఇవ్వగలను," అన్నాడు చీఫ్ విజయరంగన్. "పోయింది నీ అన్న."

"అందుకే నాకు ఇవ్వండి సార్."

ఏజెంట్ యోగానంద్ గొంతు పెరగలేదు. బల్ల అంచు పట్టుకున్న వేళ్ళు మాత్రం తెల్లబడ్డాయి.

చీఫ్ టూకీగా చెప్పాడు. "ఆ ఊరి అడుగున ఇసుకలో కప్పబడిపోయిన పాత ఏరు ఉంది. దాని ఇసుకలో మోనజైట్. మోనజైట్‌లో అణు ఇంధనానికి పనికొచ్చే థోరియం. ఒక విదేశీ ముఠాకు అది కావాలి."

"జనం ఉన్న ఊరిని తవ్వనివ్వరు కదా?"

"జనం లేకుండా చేస్తారు. మీ అన్న మ్యాపు రెండు సంగతులు చెబుతుంది. ఖనిజం ఎక్కడుందో, నేల ఎక్కడ కూలుతుందో. రెంటినీ వాడుకుంటారు. ఎలాగో తెలియదు. ముఠాలో మన మనిషి ఒకామె ఉంది. కోడ్‌నేమ్ పగడం."

పగడం అసలు పేరు ఆర్తి. బీచ్ రోడ్డు కేఫ్‌లో ఆమె కూర్చున్న బల్ల వైపే అందరి కళ్ళూ ఉన్నాయి.

"చేపలు తాజావేనా?" అడిగాడు యోగానంద్.

"శుక్రవారం నేను ముట్టను." కోడ్ సరిపోయింది. ఆమె లిప్‌స్టిక్ ఒకటి అతని వైపు దొర్లించింది. లోపల మెమరీ కార్డు. "అసలు మ్యాపు. రేపు దెబ్బ కొట్టేది సముద్రం పక్క వీథిలో. నన్ను నమ్ము, యోగా."

కారులో కూర్చుని మ్యాపు తెరిచాడు. సముద్రం పక్క వీథి వెంట పాత ఏటి గట్లు నల్లగా, గట్టి గీతలతో ఉన్నాయి. అతను చాలాసేపు చూశాడు. కళ్ళారా చూసినదానికి గట్టి గీత, ఊహించినదానికి తెగిన గీత, మట్టి కింద దాగినదానికి చుక్కల గీత. ఇడ్లీ పళ్ళెంలో పచ్చడితో గీసి అన్నే నేర్పాడు. ఇసుక కింది ఏటిని గట్టి గీతతో గీయడం అన్న చేతికి రాదు. పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చి కూడా "నచ్చి ఉండవచ్చు" అన్న మనిషి.

దొంగ మ్యాపు. అందులో ఏ గీతా లేకుండా శుభ్రంగా వదిలినది ఒకటే, తేరు వీథి. రేపు ఆ వీథిలోనే తేరు ఊరేగింపు.

అప్పుడు అర్థమైంది. నేల కూలుతుందని మ్యాపు చూపించి పొమ్మంటే ఊరు ఖాళీ కాదు. అమ్మవారి తేరు జనంతో సహా నేలలోకి దిగితే, మిగిలినవాళ్ళు మూటలు కట్టుకుంటారు.

"ఆధారం లేకుండా తేరు ఆపలేను," అన్నాడు ఫోనులో చీఫ్. "నేల కింద బోలు ఎక్కడుందో చూపించు."

పొద్దున్నే తేరు వీథిలోకి సోడా బండి ఒకటి వచ్చింది. తోస్తున్నది యోగానంద్. గళ్ళ లుంగీ, అతికించిన మీసం. బండి అడుగున నేల లోపలికి చూసే రాడార్, ఐసు పెట్టెలో దాని స్క్రీను.

"ఏందయ్యా, పంపుకడ్డంగా పెట్టినావు?" నీళ్ళకోసం ఖాళీ కుండతో వచ్చిన ఆ వీథి మునెమ్మ నిలదీసింది.

"జరుపుతా అక్కా. నీళ్ళెట్లా వస్తా ఉండాయి?"

"నీళ్ళా! గుడి కాడ పండగ జెండా ఎక్కినప్పట్నుంచి నల్లమన్ను కక్కతా ఉంది. లోపల ఎవుడో కెలకతా ఉండాడు!"

బండి ముందుకు నడిచింది. స్క్రీను మీద పొరలు వరసగా సాగి, మజ్జిగ పోసే చలిపందిరి ఎదుట తెగిపోయాయి. అక్కడ రోడ్డు కింద ఏమీ లేదు, అంతా బోలు. పందిరి వెనక టాంకర్ గొట్టం ఒకటి భూమిలోకి దిగి ఉంది. అది నీళ్ళు పోయడం లేదు. ఇసుక తోడుతోంది. స్క్రీను ఫొటో తీసి చీఫ్‌కు పంపాడు.

"కదలకు."

ఆర్తి. పట్టుచీర, ఒక చేతిలో మజ్జిగ గరిటె, పమిట చాటున పిస్టల్. "మీ అన్న మ్యాపు బాగా పనికొచ్చింది, యోగా. గజం తేడా లేదు."

"కాల్చింది నువ్వేనా?"

"సుత్తి ఎత్తాడు మరి."

అన్న ఆ సుత్తి రాయి మీద తప్ప దేనిమీదా ఎత్తి ఉండడు. యోగానంద్‌కు అరవాలనిపించింది. అరవలేదు. మేళాలు మోగాయి. తేరు మలుపు తిరిగింది.

"నువ్వేనామ్మా పందిరి పెట్టింది?" పంపు కక్కిన బురద నిండిన కుండతో మునెమ్మ వచ్చేసింది. "ఊరికి మజ్జిగ పోసి నా పంపు నీళ్ళు లాగతావా? పట్టుచీర కట్టుకోని ఏం పనమ్మా ఇది!"

కుండెడు నల్లబురద ఆర్తి ముఖాన పడింది. ఆమె కళ్ళు మూసిన ఆ క్షణంలో యోగానంద్ మణికట్టు మెలితిప్పాడు. పిస్టల్ మజ్జిగ గంగాళంలో మునిగింది. అతను పరుగెత్తాడు.

"నిరుత్తుంగ! ఆపండి!"

మేళాల్లో ఆ కేక ఎవరికీ వినపడలేదు. తాళ్ళు లాగే జనం బోలు మీదుగా దాటేశారు. మనుషుల బరువును నేల ఓర్చింది, తేరును ఓర్చదు. చక్రం పక్కన, తేరు ఆపడానికి అడ్డువేసే చెక్కకట్ట పట్టుకుని నడుస్తున్నవాడు ఇతన్ని తాగుబోతనుకుని మోచేత్తో నెట్టాడు. యోగానంద్ ఆ కట్ట లాక్కుని, నేలమీద పడి, చక్రం కిందికి తోశాడు. ఒకవైపు కట్ట పడ్డాక రెండోవైపు వేయకపోతే తేరు మెలితిరుగుతుంది. అటువైపువాడు ఆలోచించకుండా తన కట్ట వేశాడు. చెక్క పొగలు కక్కింది. తేరు ఆగింది.

జానెడు ముందు రోడ్డు చప్పుడు లేకుండా కుంగింది. పందిరి, టాంకర్ ఒకదాని వెనక ఒకటి అందులోకి జారాయి. చీఫ్ మనుషులు వచ్చేసరికి ఆర్తి గుంత ఒడ్డున ఉంది. మునెమ్మ ఆమె జడ ఇంకా వదలలేదు.

మరునాడు చీఫ్ పేపరు బల్లమీద పరిచాడు. 'అమ్మవారికి కోపం: వీథి మధ్యలో ఆగిన తేరు.'

"ఖండన పంపించమంటావా?"

కట్ట తోసినప్పుడు తోలు లేచిన అరచేతిని పేపరు మీద ఆనించి, యోగానంద్ వార్త చివరిదాకా చదివాడు.

"వద్దు సార్. కోపం ఎవరిదన్న ఒక్కటే తప్పు రాశారు."