బావగారితో మొదటి మాట

ఆ సోమవారం పొద్దున ఇంట్లో ఐదుగురున్నారు. వంటింట్లో సంధ్య, వసారాలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీస్తున్న, పెద్దతల్లి అనే పేరున్న అత్తగారు, బడికి జడ వేసుకుంటున్న కూతురు సింధూర, చొక్కా గుండీలు పెట్టుకుంటున్న భర్త ఢిల్లీబాబు. ఐదో మనిషి పిలవకుండా వచ్చాడు. ఢిల్లీబాబు అన్న రామూర్తి. వీధి చివర ఆయనకి వేరే ఇల్లుంది, జీడిపిక్కలు వేయించే బట్టీ ఉంది. వచ్చి హాల్లో కుర్చీలో కూర్చున్నాడు.

బావగారి గొంతు వినగానే సంధ్య వంటింటి తలుపు వెనక్కి తప్పుకుంది. ఆ ఇంట్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట నిలబడదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. ఏం చెప్పాలన్నా మధ్యలో ఇంకో మనిషి ఉండాలి. సింధూరకి మాటలొచ్చిన దగ్గర్నుంచి ఆ పని సింధూరదే.

సంధ్య అప్పటికే ఇస్త్రీ చీర కట్టుకుని ఉంది. ఆ రోజే పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో చేరాలి. పెళ్లికి ముందు టెక్కలిలో రైస్ మిల్లు లెక్కలు ఆమే చూసేది. సింధూర కడుపున పడ్డాక మానేసింది. ఇన్నేళ్లకి మళ్లీ వెళ్దామంటే లెక్కలన్నీ కంప్యూటర్లోకి వెళ్లిపోయాయి. అందుకే ఏడాదిపాటు బస్సెక్కి కాశీబుగ్గ వెళ్లి, కాలేజీ పిల్లల మధ్య కూర్చుని టాలీ, జీఎస్టీ నేర్చుకుంది. పరీక్ష కూడా పాసైంది.

"సింధూరా, మీ అమ్మతో సెప్పు," అన్నాడు రామూర్తి. "మా బట్టీలో లెక్కలు రాసే కుర్రోడు ఎలిపోనాడు. కంప్యూటర్ ఇంటికే అంపుతాను. ఇకమీద అయ్యన్నీ మీ అమ్మే సూసుకుంటాది."

అమ్మకి వినిపించిందని తెలిసినా సింధూర తలుపు వైపు తిరిగి మళ్లీ చెప్పింది.

"జీతమెంతో అడగమ్మా," అంది తలుపు వెనక నుంచి సంధ్య.

సింధూర నోరు తెరిచేలోపే రామూర్తి నవ్వాడు. "ఇంటి కోడలికి జీతమేట్రా తమ్ముడూ! ఇన్నోలెవులైనా నవ్వుతారు."

ఢిల్లీబాబు కూడా నవ్వాడు. సింధూరకి ఆ నవ్వుకే ఎక్కువ కోపమొచ్చింది. అమ్మ పుస్తకం ముందేసుకుని కూర్చుంటే, 'ఈ వయసులో కలెక్టరైపోతావేటి?' అన్నది వీళ్లిద్దరే. ఇప్పుడు ఆ చదువే వీళ్లకి కావాలి. అదీ ఊరికే.

"నాను ఎనిమిదిన్నర బస్సుకి పలాస ఎల్తన్నానని సెప్పమ్మా."

"ఆ బెంగక్కర్లేదు," అన్నాడు రామూర్తి. "ఆ ఓనరు నాకు తెలిసినోడే. మా మరదలు రాదని రాత్రే ఫోన్ సేసి సెప్పీసినాను. తమ్ముడు కూడా సరే అన్నాడు."

వసారాలో పిక్కలు కొడుతున్న చప్పుడు ఆగిపోయింది.

"నాన్నా, నువ్వు సరే అన్నావా?" అంది సింధూర. అది ఎవరూ అడగమన్న మాట కాదు. తన సొంత మాట.

ఢిల్లీబాబు తలెత్తలేదు. "పెద్దోల మాటల్లో నీకేటే?"

అప్పుడు తలుపు కదిలింది. సంధ్య ఇవతలికి వచ్చి, కుర్చీకి ఎదురుగా నిలబడింది.

"బావగారూ!"

రామూర్తి కుర్చీలోంచి సగం లేచాడు.

"నాను రానని సెప్పడానికి మీరెవరు? సదివింది నాను. బస్సులో వాంతులైనా మానకుండా ఎల్లింది నాను. ఆ పిల్లల మధ్యన తప్పులు సేసి నవ్వులపాలైందీ నానే. రానన్న మాట నా నోట్లోంచి రావాల."

"సూడ్రా తమ్ముడూ, నా ముఖమ్మీదే మాటాడతన్నాది!"

"తలుపెనక ఉన్నాను గదా అని, అసలు మనిషినే లేననుకున్నారు."

"సంధ్యా, లోపలికెల్లు!" అని అరిచాడు ఢిల్లీబాబు. "అన్నియ్యకి మర్యాద ఉండక్కర్లేదా?"

"మరి నాకో?" అంది సంధ్య భర్త వైపు తిరిగి. "ఒకే గదిలో పడుకున్నాం. మీకిష్టం లేకపోతే నాతో అనాల. మీరూ నాకు ఇంకో మనిషిసేతే కబురెట్టారు."

ఇంకేదో అనబోయింది కానీ ఏడుపు అడ్డొచ్చింది. ఏడుపొస్తే ఆమెకి ఆ తలుపు వెనకే అలవాటు. అటు తిరిగింది.

"అటెక్కడికి? బస్సిటు," అంది పెద్దతల్లి. ఎప్పుడు లేచి వచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. జీడిసొన తగిలి నల్లబడిన వేళ్లు పెద్దకొడుకు ముందు చాపింది.

"నువ్వు బట్టీ ఎట్టిన కాడ్నించి పిక్కలు కొడతన్నాను. అమ్మకి జీతమేటన్నావు. ఇప్పుడు ఈ పిల్లనీ నా పక్కన కూకోబెడదామనొచ్చినావేటి?"

రామూర్తి ఆ వేళ్లు చూసి, ముఖం తిప్పుకున్నాడు.

పెద్దతల్లి చీరకి మరక అంటకుండా మోచేత్తోనే కోడల్ని వసారాలోకి తోసింది. "సింధూరా, మీ అమ్మ సంచీ అందియ్యి."

"అత్తా, ఫ్యాక్టరీవోలకి రానని సెప్పీసినారు కదా..."

"రావని సెప్పింది ఈడు. నువ్వెల్లి వచ్చినానని సెప్పు."

సంధ్య మెట్టు దిగి, మళ్లీ వెనక్కి చూసింది. "పొయ్యి మీద కూర..."

"సాయంత్రం బస్సుకి తలుపు తీత్తాను," అంటూ పెద్దతల్లి ఆమె ముఖం మీదే తలుపేసి గడియ పెట్టింది.