నందిని గని చుట్టకుదురు

“దీదీ, నా చుట్టకుదురు ఎవరో ఎత్తుకుపోయారు!”

సెక్టర్ 7లోని డిటెక్టివ్ రజనీకుమారి ఆఫీసులోకి రొప్పుతూ వచ్చిన భాగ్యరేఖ ఎం.ఏ. చరిత్ర విద్యార్థిని. ఆ మధ్యాహ్నమే విశ్వవిద్యాలయం చరిత్ర విభాగంలో ఉత్తమ పరిశోధన బహుమతి ప్రకటిస్తారు. నందిని సున్నపురాయి గనుల్లో తట్టలు మోసిన ఆడవాళ్ల గురించి ఆమె పరిశోధన. అప్పట్లో తలమీద తట్ట కింద పెట్టుకున్న గుడ్డ చుట్టకుదురును చిన్నమ్మలు అనే ముసలావిడ ఆమెను నమ్మి ఇచ్చింది.

“బహుమతి పోతే పోనీ. ఆ చిన్నమ్మలు నానమ్మకి ముఖం ఎలాగ చూపించను?”

“దాన్ని ఎక్కడ పెట్టావు?”

“మా విభాగం హాల్లో గాజుపెట్టెలో. నిన్న నేనే పెట్టి తాళం వేశాను. అడుగువైపు ఎవరికీ చూపొద్దందావిడ. అందుకే ఆ వైపు కిందికుంచాను. తాళంచెవి స్టాఫ్ రూంలో మేకుకి ఉంటాది.”

రజని, ఆమె సహాయకుడు అనిల్ వెంటనే బయల్దేరారు. పెట్టె పగల్లేదు. గేటు దగ్గర అందరి సంచులూ వెతికిస్తున్నానని, ఏమీ దొరకలేదని విభాగాధిపతి ధర్మారావు చెమటలు తుడుచుకున్నాడు.

గనుల చరిత్ర మీద పుస్తకం రాసిన లెక్చరర్ శ్యామసుందర్, చంకలో హెల్మెట్‌తో వచ్చాడు.

“ఆ గనిలో ఆడవాళ్లు రాయి మోయలేదని రాశారట?” అంది రజని.

“ఆధారం లేదు కనుక రాశాను. ఎర్రదారంతో నాలుగక్షరాలు కుట్టిన పాతగుడ్డ ఆధారమా?” అంటూ ఆయన హెల్మెట్‌ను రెండో చంకలోకి మార్చుకున్నాడు.

రజని కళ్లు మెరిశాయి. ఆ మెరుపు అర్థం తెలిసిన అనిల్ శ్యామసుందర్ పక్కకి జరిగాడు.

న్యాయనిర్ణేతలు, విద్యార్థులు హాల్లో చేరారు. రజని కబురుపెడితే చిన్నమ్మలు కూడా వచ్చింది.

“అమ్మా, చుట్టకుదురు అడుగున ఏటుంది?”

“నా పేరు తల్లీ. ఎర్రదారంతో కుట్టుకున్నాను. వొంకర రాత. నవ్వుతారని సూపించొద్దన్నాను.”

“విన్నారుగా! పెట్టెలో ఉండగా ఆ పేరు కనపడదు. బయటికి తీసి తిరగేసినవాడికే దారం రంగు తెలుస్తుంది. శ్యామసుందర్ గారూ, ఎర్రదారమని మీరే అన్నారు. ఒక్కసారి హెల్మెట్ పెట్టుకోండి.”

“గదిలో హెల్మెట్ ఎందుకు?”

“ఇందాకట్నుంచీ గదిలో అది ఎందుకు మోస్తున్నారని నేనూ అడుగుతున్నాను!”

అనిల్ చటుక్కున అందుకుని, లోపలి మెత్త లాగాడు. చుట్టకుదురు నేలమీద పడింది. హాలంతా హోరెత్తింది.

“నా పుస్తకం తప్పని నా విద్యార్థే నిరూపిస్తుంటే చూడలేకపోయాను,” అన్నాడు శ్యామసుందర్, తలెత్తకుండా. విచారణ తేలేదాకా ఆయన పాఠాలు చెప్పకూడదని ధర్మారావు అక్కడే ప్రకటించాడు.

బహుమతి భాగ్యరేఖకే వచ్చింది. ఆమె ఆ స్టీలు జ్ఞాపికను పరుగున తెచ్చి చిన్నమ్మలు చేతుల్లో పెట్టింది. ముసలావిడ చుట్టకుదురు తలకెత్తుకుంది. దానిమీద జ్ఞాపిక నిలబెట్టి, చేతులు రెండూ వదిలేసి, హాలు ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచింది.

“ఇదేం బరువర్రా? ఇంకేటైనా ఎత్తండి!”

ఈలలతో పైకప్పు ఎగిరిపోయేలా ఉంది.