గదవ లేని పుర్రె

వలస వచ్చినవాళ్ల పేట పర్వత్ పాటియాలోని తెలుగు బడిలో సైన్సు గదిని టీకా కేంద్రం చేసిన రోజే నియాండర్తాల్ పుర్రె కింది దవడ పోయింది. 2021 జూన్. పుర్రెలను మేడమీదికి చేరవేసినవాడు సోమలింగం. పొద్దున సలాబత్‌పురా బట్టల బజారులో చీరల డిజైన్లు గీస్తాడు, మధ్యాహ్నం కేంద్రంలో టోకెన్లు పంచుతాడు. ఐదు పుర్రెలు ఎత్తుకెళ్లాడు. పైన చూస్తే దవడలు నాలుగే.

అవి ప్లాస్టరు బొమ్మలే. ఆదిమానవుల పాఠం కోసం రాంప్రసాద్ మాస్టారు సొంతంగా చేశారు. ఆయన ఏప్రిల్‌లో కరోనాతో పోయారు. ఇప్పుడు మేడమీది గది నుంచి ఆన్‌లైన్‌లో ఆ పాఠం చెప్పేది ఆయన కూతురు హరిణి.

ఆమె తిడితే బాగుండేది. తిట్టలేదు. దవడ ఉండాల్సిన చోటును వేలితో తడిమి, నాన్న చేసిన ఆఖరిది ఇదేనని మాత్రం అంది. మాస్కు పైన రెండు కళ్లే. వాటిలో ఉన్నది కోపమో ఏడుపో తెలియక, సోమలింగం కొత్తది చేసిస్తానని నోరు జారాడు.

మూడు వారాలు ఆమె రోజూ అడిగింది, అతను రోజూ రేపన్నాడు. ఒక్కోసారి దవడ కోసం అడుగుతోందా, ఊరికే పలకరిస్తోందా అన్నది అతనికి అంతుపట్టేది కాదు. చివరికి ఒక వాన సాయంత్రం, టీకాల వరుస ఖాళీ అయ్యాక, కాగితంలో చుట్టి తెచ్చాడు.

హరిణి దాన్ని పుర్రెకు ఆనించింది. ఆమె భుజాలు కదిలాయి. నవ్వుతోందనుకున్నాడు. తర్వాత కళ్లు తుడుచుకుంది.

"ఎవరిని చూసి చేశారు?"

"నన్నే, మేడం. అద్దంల చూస్కుంట మట్టి ఒత్తిన. ఇంకెవరి మూతి కనబడ్తలేదు గద."

"నియాండర్తాల్‌వాళ్లకు గదవ ఉండదు, నోటి కింద ఈ ముందుకొచ్చిన ముక్క. మనకు మాత్రమే ఉంటుంది. ఎందుకొచ్చిందో ఇప్పటికీ తేలలేదట. నాన్న ఉంటే మీకు సగం మార్కులు వేసేవారు."

"గట్లయితే ఇటియ్యండి, గదవ చెక్కి తీసేస్త."

ఆమె చేయి వెనక్కి తీసుకుంది. "వద్దు."

"పుర్రెకు సరిపోదు గద?"

"సరిపోదు."

"మరేంది?"

హరిణి ప్లాస్టరు దవడను చూసింది, అతని మాస్కును చూసింది. "ఇన్నాళ్లూ మీ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నాను. నేననుకున్న గదవ ఇది కాదు."

సోమలింగానికి ఏమీ అర్థం కాలేదు. మంచిగున్నదా లేదా అని అడిగాడు. చూస్తే గాని చెప్పలేనంది.

అతను ఆరడుగులు లెక్కపెట్టుకుంటూ వరండా చివరికి వెళ్లి, వాన జల్లులో నిలబడి మాస్కు తీశాడు. ఆమె దవడను ఎత్తి పట్టుకుని, పాఠంలో చూపినట్టే ఒకదాని పక్కన ఒకటి పోల్చింది. తర్వాత తన మాస్కూ తీసింది. నవ్వుతోంది.

"నేను గూడ తప్పే అనుకున్న," అన్నాడు సోమలింగం.

"ఏమనుకున్నారు?"

"నవ్వరనుకున్న."

ఆ దవడ ఇప్పుడు హరిణి బల్ల సొరుగులో ఉంది. ఆదివారాలు ఇద్దరూ కొత్త దవడ కోసం మట్టి కలుపుతారు, మాటల్లో పడతారు, మట్టి ఎండిపోతుంది. మాస్టారి పుర్రెకు కింది దవడ ఇంకా చేయలేదు.