ముఖం చూడని రెండేళ్లు

పుంగనూరు శివారులోని ఆ ఇంటికి వీధివైపు పెద్ద వాకిలే ఉంది. అయినా చెంగల్రాయుడు రెండేళ్లుగా పెరటి వాకిట్లోంచే వచ్చిపోతున్నాడు. వీధివైపు గదిలో పెద్దకొడుకు ధనుంజయ ఉంటాడు. వాడు కంటబడకూడదు. అందుకే మంగమ్మ పొద్దున్నే మొగుడికి పెరట్లో కాఫీ ఇచ్చి, ఆయన పొలానికి వెళ్లాకే కొడుకును వంటింట్లోకి పిలిచేది.

ఆ రోజూ చెంగల్రాయుడు కాఫీ తాగి, తుండు భుజాన వేసుకుని లేచాడు. పెరటి వాకిట్లో ధనుంజయ అడ్డంగా నిలబడి ఉన్నాడు.

చెంగల్రాయుడు గభాలున మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "మంగమ్మా, దారి ఇడ్సమను."

"ఇడ్సను నాయనా. ఈ పొద్దు నాతో మాట్లాడేదాకా ఇడ్సను."

మంగమ్మ చేతిలో గరిటెతో పరుగున వచ్చింది. "రేయ్, పొద్దున్నే ఏందిరా ఇది?"

"నువ్వు ఉండుమా. యాల పిలిపించినావు నాయనా నన్ను? కుప్పంలోనే ఉంటే బాగుండేది. ఆడ నా తప్పు నాతో ఉండేది. ఈడ ఒకే ఇంట్లో, ఒకే సట్టి కూడు తింటా, నేను సచ్చినోడి మాదిరి ఉండాను. నేను చేసింది పాపమైతే కొట్టు. సంపు. ఏదో ఒక మాట అను!"

చెంగల్రాయుడు గోడనే చూస్తూ అన్నాడు. "మంగమ్మా, నాకు పొలానికి పొద్దు పోతాండాది."

అంతే. ధనుంజయ పక్కకు జరిగాడు. మధ్యాహ్నం చెంగల్రాయుడు తిరిగొచ్చేసరికి వీధి గది ఖాళీగా ఉంది. చిన్న బ్యాగు సర్దుకుని కొడుకు కుప్పం బస్సెక్కాడని మంగమ్మ చెప్పింది. ఆ రోజు ఆమె అన్నం వండింది గానీ తినలేదు.

ఐదేళ్ల కిందట ఆ ఇంట్లో ఇద్దరు కొడుకులు. చిన్నవాడు లోకేష్, డిగ్రీ రెండో సంవత్సరం చదివేవాడు. టమాటా కోతల రోజుల్లో ఒకనాడు తెల్లవారుతుండగా అన్నదమ్ములిద్దరూ వ్యాన్లో టమాటా వేసుకుని మదనపల్లె మార్కెట్‌యార్డుకు బయలుదేరారు. నడిపేది ధనుంజయ. దారిలో ఒక మలుపు దగ్గర అతని కన్ను మూతబడింది. వ్యాను చెట్టుకు గుద్దుకుంది. లోకేష్ అక్కడికక్కడే పోయాడు.

చిన్నకొడుకుకు మట్టి ఇచ్చి వచ్చిన చెంగల్రాయుడు, ఆసుపత్రిలో ఉన్న పెద్దకొడుకును చూడ్డానికి వెళ్లలేదు. "నా బిడ్డను సంపినోడు నా గడప తొక్కగూడదు" అన్నాడు. ఆ మాట విని, తల గాయానికి కట్టిన కట్టు విప్పక ముందే ధనుంజయ కుప్పం వెళ్లి గ్రానైటు రాళ్లు పాలిష్ చేసే షెడ్డులో పనికి కుదిరాడు. మూడేళ్లకు మంగమ్మ ఏడుపు చూడలేక చెంగల్రాయుడు దిగొచ్చాడు. "వస్తే రానీ. కూడు పెట్టు. నా కంటికి మాత్రం కనబడగూడదు." ఊళ్లో అందరూ ఆయనది పెద్ద మనసన్నారు. ఆయనా అలాగే అనుకున్నాడు.

కొడుకు వెళ్లిన మూడు వారాలకు మంగమ్మ పొయ్యి దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. మదనపల్లె ఆసుపత్రిలో చేర్చారు. బీపీ బాగా ఎక్కిందన్నారు. కాగితం రాసుకుంటూ నర్సు "పిల్లలెంతమంది పెద్దాయనా?" అని అడిగింది.

"లేరు" అన్నాడు చెంగల్రాయుడు.

మంచం మీద మంగమ్మ మెల్లగా అటువైపు తిరిగి పడుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

పక్క మంచం మీది రోగికి అక్క శాంతమ్మ. ఆమె రిటైరైన తెలుగు పంతులమ్మ, మదనపల్లె మనిషే, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి. రెండు రోజులుగా మంగమ్మకు తల దువ్వుతూ, గంజి తాగిస్తూ, ఆమె చెప్పుకున్నదంతా విన్నది. మూడో రోజు వరండాలో బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న చెంగల్రాయుడి పక్కకు వచ్చి కూర్చుంది.

"అన్నా, ఒక రాజు కథ చెప్తా, వింటారా?"

"కథలు వినే వయసామ్మా నాది?"

"మీ వయసు వాళ్లకే పనికొచ్చే కథ. దావీదని మా చర్చిలో చెప్తారు. మహా వీరుడు. దేవుడికి ఇష్టమైన రాజు. అయినా ఇంటి విషయంలో ఓడిపోయినాడు. ఆయన కొడుకుల్లో ఒకడు ఇంకొకణ్ణి చంపించి పరాయి దేశానికి పారిపోయినాడు. మూడేళ్లకు రాజు వాణ్ణి ఊళ్లోకి రానిచ్చినాడు. కానీ, నా ముఖం మాత్రం చూడగూడదన్నాడు."

చెంగల్రాయుడు ఉలిక్కిపడి ఆమెను చూశాడు. "నా పెండ్లాం చెప్పినాదా నీకు?"

"చెప్పింది. అందుకే చెప్తాండాను. అట్ల రెండేండ్లు. చివరికి ఆ కొడుకు, ఎందుకు రప్పించినారు నన్ను, తప్పుంటే చంపమనండి అని కబురంపినాడు. అప్పుడు రాజు పిలిచి ముద్దు పెట్టుకున్నాడు."

"పిలిచినాడు గదా మరి!"

"పిలిచినాడు. అప్పటికే ఆ కొడుకు మనసు విరిగిపోయింది. తండ్రి మీదికే యుద్ధానికి లేచి, ఆ యుద్ధంలోనే చచ్చిపోయినాడు. గెలిచిన రాజు కోట గుమ్మం మీది గదిలోకి ఎక్కి, నీ బదులు నేను చచ్చినా బాగుండేది నాయనా అని గుండెలు పగిలేట్టు ఏడ్చినాడు. ఆ ఏడుపు ఎవరికి వినపడాలో వాడే లేడు." ఆమె ఆయన వైపు తిరిగింది. "మీ కొడుకు ఎవర్నీ చంపించలేదు. నిద్రపోయినాడంతే. సగం క్షమించడం శిక్ష కంటే ఘోరమన్నా. శిక్షకైతే ఒక గడువుంటుంది."

చెంగల్రాయుడికి కోపం రావాలి. రాలేదు. లేచి లోపలికి వెళ్లి మంగమ్మ మంచం పక్కన కూర్చున్నాడు.

"మంగమ్మా, నీకొకటి చెప్పల్ల. ఆ పొద్దు వాడు బండెక్కనన్నాడు. రెండు దినాలుగా కన్ను మూయలేదు నాయనా, రేపు పోతానన్నాడు. రేపటికి రేటు పడిపోతాది పోరా అని నేనే అరిసినా. తోడుకు సిన్నోణ్ణి కూడా నేనే లేపి పంపిస్తి." ఆయన తుండుతో మొహం కప్పుకున్నాడు. "వాని ముఖం సూస్తే అది గుర్తొస్తాదని..."

మంగమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "నాకు తెలుసు."

"తెలుసా?"

"ఆ పొద్దు నేను ఇంట్లోనే ఉంటి గదా. అన్నీ ఇన్నా. నీ నోటితో నువ్వే చెప్తావని ఇన్నేండ్లూ సూస్తాండాను."

మర్నాడు పొద్దున్నే, మంగమ్మను శాంతమ్మకు అప్పజెప్పి చెంగల్రాయుడు కుప్పం బస్సెక్కాడు. ఇద్దర్ని అడిగి, స్టేషను అవతల ఉన్న షెడ్డు కనుక్కున్నాడు. లోపల మిషన్ల చప్పుడు. తెల్లటి రాతి దుమ్ములో అందరూ ఒకేలా ఉన్నారు. మేస్త్రీ పేరుపెట్టి పిలిస్తే ఒకడు తలెత్తాడు. అప్పటిదాకా కన్నకొడుకును ఆనవాలు పట్టలేకపోయాడు చెంగల్రాయుడు.

చెంగల్రాయుడు బయట రాళ్ల మీద కూర్చున్నాడు. ధనుంజయ మొహం కడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాడు. చెంగల్రాయుడు ఐదేళ్లలో మొదటిసారి ఆ మొహాన్ని చూశాడు. ఎడమ కనుబొమ మీద నుంచి చెవి దాకా గాటు. ముప్పై ఒక్కేళ్లకే చెంపల దగ్గర నెరసిన వెంట్రుకలు. ఆ గాటు ఎంత లోతుదో, ఎన్ని కుట్లు పడ్డాయో, ఎంతకాలం నొప్పి పెట్టిందో తండ్రికి తెలియదు. ఒకే కప్పు కింద రెండేళ్లున్నా తెలియలేదు. చెయ్యి చాచి దాన్ని తాకబోయి, వెనక్కి తీసుకున్నాడు.

"అమ్మకు బాగలేదా?" అన్నాడు ధనుంజయ.

"ఆసుపత్రిలో ఉండాది. భయం లేదన్నారు. నేను అందుకు రాలేదప్పా. నిన్ను సూడ్డానికొస్తి. ఆ పొద్దు నువ్వు పోలేనన్నావు. నేనే తరిమినా. తప్పు నాది. నా తప్పు నీ నెత్తిన పెట్టి, నిన్ను సూడకుండా బతికినా."

ధనుంజయ రెండు చేతుల్లో మొహం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఈ మాట ఆసుపత్రికొచ్చి చెప్పింటే నాయనా... ఆ పొద్దే చెప్పింటే. నేను వద్దన్నానని నాకే నమ్మకం పోయింది. నేనే తమ్ముణ్ణి సంపినానని రోజూ..."

చెంగల్రాయుడు లేచి కొడుకు తలను పొట్టకు అదుముకున్నాడు. ఆయన చొక్కా అంతా రాతి దుమ్మయింది. "ఇంటికి రాప్పా" అన్నాడు.

ధనుంజయ తల అడ్డంగా ఊపాడు. "అమ్మను సూడ్డానికి ఇప్పుడే వస్తా. ఇంటికి మాత్రం రాలేను నాయనా. ఆ గదిలోకి పోతే నాకు ఊపిరాడదు. కోపం గాదు. కొన్నాళ్లు అడగొద్దు."

చెంగల్రాయుడు అడగలేదు. అడిగే హక్కు తనకు లేదని ఆయనకు తెలుసు. అప్పటి నుంచి మంగమ్మ కట్టిచ్చిన చట్నీపొడి, పండుమిరపకాయ కారం తీసుకుని ప్రతి ఆదివారం కుప్పం వెళుతున్నాడు. కొడుకుతో కలిసి హోటల్లో భోంచేస్తాడు. మాటలు తక్కువ. ఎదురుగా కూర్చుని తినే కొడుకు మొహాన్ని మాత్రం తనివితీరా చూస్తాడు.

ఏడో నెలలో ఒక శనివారం సాయంత్రం ఫోను మోగింది.

"నాయనా, రేపు నువ్వు బస్సెక్కొద్దు. నేనే ఇంటికొస్తాండాను. అమ్మకు చెప్పు, రాగిసంగటి చేయమని."

"రా నాయనా" అన్నాడు చెంగల్రాయుడు. ఫోను పెట్టేశాక మంగమ్మ ముందే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. "వస్తాండాడే... బతికుండంగానే వస్తాండాడు. ఆ రెండేండ్లు మాత్రం నేను యాడనుంచి తెచ్చియ్యల్ల వానికి?"

మంగమ్మ కొంగుతో ఆయన కళ్లు తుడిచి, రాగిపిండి చూసుకోవడానికి లోపలికి వెళ్లింది.