సొట్ట ఎలా పడిందమ్మా?

టీ గ్లాసులు సింకులోకి చేరకముందే ఆ ఇంట్లో పంచాయితీ మొదలైంది. కారుకి డ్రైవరు వైపు తలుపు మీద అరచేయంత సొట్ట. ఇన్సూరెన్సు క్లెయిమ్ చెయ్యాలా, చేతి డబ్బుతో బాగు చేయించుకోవాలా అన్నది ఇప్పుడు తేలాలి.

అది ఎలా పడిందో ఇంట్లో ముగ్గురికీ తెలుసు. మొన్న విందులో తాగి తూలుతున్న కొడుక్కి తాళాలు ఇవ్వకుండా, కోడలు డ్రైవరు సీట్లో కూర్చుని లోపల్నుంచి లాక్ వేసుకుంది. ఆ మహానుభావుడు తెరిచే ఉన్న డిక్కీలోంచి జాకీ రాడ్డు తీసి, సరిగ్గా ఆమె భుజం ఉన్నచోట తలుపు మీద బాదాడు. వెనక సీట్లో అత్తగారు కళ్లు మూసుకుంది. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. ఇక్కడ దుత్తకి ఇన్సూరెన్సు ఉంది, అంతే తేడా.

"క్లెయిమ్ పెట్టేశాను. కాసేపట్లో ఫోన్ చేస్తారు. గేటు స్తంభానికి నువ్వే గుద్దావని చెప్పు," అన్నాడు కొడుకు భార్యతో, షర్టు గుండీలు పెట్టుకుంటూ.

"ఇంత చిన్నదానికి క్లెయిమ్ ఎందుకురా? వచ్చే ఏడు నో క్లెయిమ్ బోనస్ పోతుంది కదా," అంది అత్తగారు. అసలు సంగతి వదిలి కొసరు పట్టుకోవడం ఆవిడకి అలవాటే.

"నేను చెప్పను. క్లెయిమూ వద్దు, రిపేరూ వద్దు. అలాగే ఉండనివ్వండి," అంది కోడలు.

"ఆఫీసులో అందరూ అడుగుతారే! ఏం చెప్పమంటావ్?"

"నన్ను అడిగినప్పుడు నేను చెప్పేదే చెప్పండి. బాత్రూంలో జారిపడిందనండి. నాకైతే ఫుల్‌చేతుల జాకెట్లున్నాయి. పాపం, కారుకి లేవు."

కొడుకు విసిరిన గ్లాసు ఆమె చెవి పక్కనుంచి దూసుకెళ్లి గోడకి తగిలి పగిలింది. మరుక్షణం అతను ఆమె జుట్టు పిడికిట పట్టి సింకు మీదకి వంచాడు. కుళాయి అంచు తగిలి నుదురు చిట్లింది.

"చెప్తావా, చెప్పవా?"

"ఒరే, వదలరా దాన్ని!"

"నువ్వు కూర్చో అమ్మా! నాన్న బతికున్నన్నాళ్లూ నోరు మూసుకుని కూర్చోలేదూ? ఇప్పుడూ అలాగే కూర్చో!"

అత్తగారికి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. అంతలో బల్ల మీద ఫోన్ మోగింది. కొడుకు చెయ్యి చాపేలోపే ఆవిడ తీసింది.

"ఇన్సూరెన్సు ఆఫీసు నుంచండీ. సొట్ట ఎలా పడిందమ్మా?" అవతల ఎవరో అమ్మాయి, మర్యాదగా అడిగింది.

"మా అబ్బాయి రాడ్డుతో కొట్టాడమ్మా. లోపల మా కోడలుంది. ఇప్పుడూ దాని జుట్టు పట్టుకునే ఉన్నాడు. నెత్తురు కారుతోంది."

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "పోలీసులకి చెప్పమంటారా అమ్మా?"

అత్తగారు కొడుకు వంక చూసింది. కన్నపేగు కదిలింది, కదలకుండా ఎలా ఉంటుంది?

"చెప్పమ్మా. మా అడ్రసు మీ దగ్గరుందిగా."

కొడుకు పిడికిలి సడలింది. "కన్నకొడుకుని పట్టిస్తావా?" అన్నాడు.

ఆవిడ కొంగు కోడలి నుదుటికి అదిమిపట్టింది. "మీ మామయ్య నా మణికట్టు విరిచినప్పుడు మెట్ల మీద పడ్డానని డాక్టరుకి చెప్పాను తల్లీ. వీడు పక్కనే నిలబడి విన్నాడు. కొట్టినా ఏమీ కాదని వీడికి నేర్పింది నేనే. సర్దుకుపొమ్మని నీకు చెప్పిందీ నేనే. నన్ను క్షమించు."

రాడ్డు దెబ్బకి ఏడవలేదు, నుదురు చిట్లినా ఏడవలేదు. ఇప్పుడు మాత్రం కోడలు అత్తగారి మెడ చుట్టూ చేతులు వేసి బావురుమంది. ఇద్దరూ ఆ సింకు పక్కనే కూలబడి ఏడ్చారు.

గాజుపెంకుల మధ్య నిలబడి కొడుకు "అమ్మా" అన్నాడు.

"అక్కడే ఉండు," అంది ఆవిడ, అటు తిరక్కుండానే. "వాళ్లొచ్చి ఏం జరిగిందని అడుగుతారు. ఈసారి నువ్వే చెప్పు."