ఉప్పుగూడ మిర్రర్

మధ్యాహ్నం పన్నెండుంపావుకి లాడ్ బజార్‌లోని గాజుల దుకాణంలో ఫోన్ మోగింది.

"ఎర్ర గాజులున్నాయా?"

"ఆకుపచ్చవే మిగిలాయి," అన్నాడు రాఘవ.

కోడ్ సరిపోయింది. నిఘా విభాగం చీఫ్ నేరుగా విషయంలోకి వచ్చేశారు. ఓ విదేశీ ముఠా నగరంలోని డయాలసిస్ మెషిన్లలోకి వైరస్ ఎక్కించింది. సరిగ్గా రెండింటికి అది మేల్కొంటుంది. మెషిన్లు ఆపబోతే అప్పుడే లేస్తుంది. రెండు వందల మంది రోగులు వాటి మీదే ఉన్నారు. విరుగుడు ఒక్కటే: నిన్న విడుదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ప్యాచ్. దాని అసలు సైట్‌ని ముఠా కూల్చేసింది. ఇక మిగిలినవి దాని నకళ్లను దాచి పంచే మిర్రర్ సైట్లు. జీతం లేని వాలంటీర్లు నడిపేవి. ఢిల్లీ నుంచి ఎంత ప్రయత్నించినా డౌన్‌లోడ్ కావడం లేదు.

ఫైల్ అసలుదో కాదో తేల్చే చెక్‌సమ్‌ని, అంటే దాని వేలిముద్ర లాంటి అంకెల వరసని, చీఫ్ చదివి వినిపించారు. సాయంగా మన ఏజెంట్ రూప వస్తోందని చెప్పి పెట్టేశారు.

మూడేళ్లుగా రాఘవకి వచ్చే ఫోన్లు ఇలాంటివే. సేల్స్‌మన్ వేషం, ఒంటి గది, హోటల్లో గోడవైపు కూర్చుని సింగిల్ ప్లేట్ భోజనం. ఒంట్లో ఎలా ఉందని అడిగే మనిషి లేడు.

దుకాణం వెనక లాప్‌టాప్ తెరిచాడు. మొదటి మిర్రర్‌లో ఫైలే లేదు. రెండోది అరవై ఒక్క శాతం దగ్గర తెగిపోయింది; మళ్లీ నొక్కితే సున్నా నుంచి మొదలైంది. మూడోది నాలుగు గంటలు పడుతుందంది. నాలుగోది లోపలికే రానివ్వలేదు: రద్దీ ఎక్కువగా ఉంది, తర్వాత ప్రయత్నించండి. ఆ పేజీ అడుగున నిర్వాహకుడి చిరునామా కనిపించింది. ఉప్పుగూడ, రైల్వే స్టేషన్ వెనక.

ఆటో దిగేసరికి ఒంటిగంటా ఇరవై.

తలుపు తీసిన సదాశివకి డెబ్బైకి దగ్గర వయసు. ఒకప్పుడు కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేశాడు. గదిలో టేబుల్ ఫ్యాన్ ముందు పాత సర్వర్ ఒకటి గురగురలాడుతోంది. దుకాణంలో నాలుగు మిర్రర్లూ మొండికేసిన సంగతితో సహా వచ్చిన పని చెప్తే ఆయన రాఘవని ఎగాదిగా చూశాడు.

"పదకొండేండ్ల సంది నడుపుతున్న బిడ్డా. లచ్చల మంది డౌన్‌లోడ్ చేసుకున్నరు. ఇంటికొచ్చింది నువ్వొక్కనివే."

ప్యాచ్ నిన్న సాయంత్రమే ఆయన సర్వర్‌లోకి చేరింది. లాప్‌టాప్‌కి కేబుల్ తగిలించారు. అరిగిన డిస్క్ మీంచి కాపీ నత్తలా కదిలింది. నలభై శాతం.

అప్పుడే, రాఘవ ఆటోలోంచి పంపిన చిరునామా పట్టుకుని రూప వచ్చింది. నల్లకళ్లద్దాలు, ఖరీదైన అత్తరు వాసన. ఇంత కష్టమెందుకు, ఫైల్ తన దగ్గరుందంటూ చేతి లక్కగాజు విప్పింది. లోపల పెన్‌డ్రైవ్. రాఘవ దాని చెక్‌సమ్ తీశాడు. మొదటి నాలుగంకెలు కలిశాయి. ఐదోది కలవలేదు.

అతను తలెత్తేసరికి ఆమె చేతిలో పిస్టల్ ఉంది.

"కేబుల్ పీకెయ్. నువ్వు పోతే ఏడ్చేవాళ్లు కూడా లేరు. ఎవరికోసం ఇదంతా?"

సదాశివ నడుం పట్టుకుని లేచి సర్వర్‌కి అడ్డంగా నిలబడ్డాడు. పిస్టల్ అటు తిరిగిన క్షణంలో రాఘవ ఆమె మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. గుండు గోడలోకి పోయింది. నిమిషంలో ఆమెని కిటికీ ఊచకి బేడీతో బిగించాడు.

తొంభై ఏడు దగ్గర కాపీ ఆగిపోయింది. ఒంటిగంటా యాభై ఆరు.

"ఫికర్ జెయ్యకు. గిది గిట్లనే ఆగుతది, మళ్ల నడుస్తది," అని సదాశివ ఫ్యాన్‌ని డిస్క్‌కి మరింత దగ్గరగా జరిపాడు.

నడిచింది. చెక్‌సమ్‌లో అంకెలన్నీ కలిశాయి. రాఘవ ఫైల్‌ని మెషిన్లన్నిటికీ ఎక్కించే కంట్రోల్ రూమ్‌కి పంపాడు. రెండింటికి తొమ్మిది సెకన్లుండగా జవాబొచ్చింది: అన్ని మెషిన్లూ భద్రం.

విభాగం మనుషులొచ్చి రూపని తీసుకెళ్లాక చీఫ్ మెసేజ్ పెట్టారు. వేషం బయటపడింది, సాయంత్రంలోగా ఊరు విడిచిపెట్టాలి. ఆ లోపు సదాశివ చాయ్ పెట్టాడు. రెండో కప్పు ఎక్కడుందో వెతకడానికే ఆయనకి చాలాసేపు పట్టింది. రాఘవ వెళ్లేముందు సదాశివ అతని పేరడిగాడు.

"చెప్పే కొలువు గాదు బాపు."

"ఏం గాదు తీ. ఇందాక దుకాణంల కూసొని తిప్పలు పడ్డవు గదా, నీ కంప్యూటర్ నంబరు, గదే ఐపీ అడ్రస్, వచ్చినోళ్ల లెక్క రాసే లాగ్‌ల పడ్డది. నాకు మనుషులందరు గట్లనే తెల్సు."